అరగంట నడక

2000వ సంవత్సరమున సిడ్నీలో కరణం మల్లీశ్వరి బరువులెత్తి ఒలింపిక్ పతకము గెలిచినపుడు మనమందఱము సంతోషించితిమి. ఆ సంతోషముచే మన మోకాళ్ళు బలపడలేదు గదా!

మా బ్రాడీపేటలో తిన్నని లైనులును, అడ్డరోడ్లును గలవు. బృందావన్ గార్డెన్సులో స్టేడియమును గలదు. అయినను ఒంటరిగా నడచుటకు సోదరీమణులు సంకోచింతురు, ఇంటిపనియే చాలునందురు. రొప్పు పుట్టించు పనియైన మేలే. కూర్చుండి కూరలు తఱుగుట చాలదు. పెద్దవారు వారమునకు 150 నిమిషములైనను వడిగా నడచుట వంటి శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అనగా ఐదు దినములు, దినమున కరగంట.

అందఱికిని వడ్డించిన పిమ్మట ఆ యరగంట మిగులదు. బియ్యము కొలుచునపుడు పిడికెడు ముందే తీసియుంచు గృహిణికి ఈ సంగతి తెలియనిదా? రేపు ప్రాతఃకాలమున పొరుగింటి వదినగారిని పిలువుడు, కూతురిని వెంటబెట్టుకొనుడు. నలుగురు నడచిన వీధిలో ఐదవ యామెకు సంకోచ ముండదు.