రామప్ప వార్తతో ఒక పాఠము

ఇంటరు, డిగ్రీ తరగతుల విద్యార్థులకు దేశాంతర పత్రికలను పాఠ్యసామగ్రిగా నొసంగదలచిన యుపాధ్యాయుడు ఏ యుక్రెయిను యుద్ధముతోనో అమెరికా యెన్నికలతోనో మొదలిడుట సహజమే యైనను, వరంగల్లువంటి చోట అంతకంటె అనువైన యారంభము పాలంపేటలోని రామప్పగుడిలో గలదు. దూరదేశపు వార్తను సరిచూచుటకు విద్యార్థికి సాధనములు తక్కువ. తాను చూచివచ్చిన గుడిని గూర్చి దూరదేశమువారు వ్రాసినపుడో, ఆతడు ధైర్యముగా ప్రశ్నింపగలడు.

చైనాలోని ఫుజౌ ఆతిథ్యమున అంతర్జాలము ద్వారా జరిగిన యునెస్కో ప్రపంచ వారసత్వ సమితి 44వ సమావేశము 2021 జూలై 25న రామప్పగుడిని తన పట్టికలో జేర్చగా, ఆ వార్త దేశవిదేశముల పత్రికల కెక్కినది. అట్టి కథనములను నాలుగింటిని బల్లపై పరచి, ప్రతివాక్యము క్రింద ‘ఇది యెవరు చెప్పినారు?’ అని వ్రాయింపవలెను. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించెననుటకు 1213 నాటి శాసనమే సాక్షి. నిర్మాణము నలువది యేండ్లు సాగెననుట మాత్రము యునెస్కో సైతము నమ్మికగానే పేర్కొన్న మాట. పత్రిక కెక్కునప్పటికి అట్టి నమ్మికలు తరచుగా నిశ్చయములై కూర్చుండును.

మార్కోపోలో సంగతి మరింత రుచికరము. దేవాలయములను తారాగణములో రామప్ప మిక్కిలి ప్రకాశించు నక్షత్రమని ఆ వెనిసు యాత్రికుడు పొగడెనని యెన్నియో కథనములు, కొన్ని ‘అందురు’ అను తోకతోను కొన్ని తోకలేకయు, వ్రాసినవి. హెన్రీ యూల్ 1871లో ప్రకటించిన ఆంగ్లానువాదము ఇప్పుడు ఉచితముగనే దొరకును. అందు ఈ సీమకు సంబంధించిన మోటుపల్లి రాజ్యమును గూర్చిన యధ్యాయము తెరచినచో, భర్త గతించిన పిదప న్యాయముగా నేలిన రాణి గలదు, పాములు నిండిన లోయలలో మాంసఖండములు విసరి గ్రద్దలచే వజ్రములు తెప్పించు వింతకథ గలదు, సాలెగూటివంటి సన్నని వస్త్రములు గలవు. పాలంపేట గుడి మాత్రము లేదు. ఈ వెదకులాటను ఉపాధ్యాయుడు తాను చేసి చెప్పరాదు, విద్యార్థులచేతనే చేయింపవలెను.

పోటీపరీక్షలకై కరెంట్ అఫైర్సు బట్టీపట్టువారితో మన గ్రంథాలయములు నిండియే యున్నవి. తేదీలు కంఠస్థమగుచున్నవి గాని, వార్తను నిలదీయు నలవాటు అబ్బుట లేదు. రామప్పతో ఆ యలవాటు కొంత కుదిరిన పిదపనే ఉక్రెయిను కథనములను చేత బట్టింపవచ్చును. అప్పుడు మొదట చూడవలసినది, వ్రాసిన విలేకరి కీవులో నున్నాడా, వేరొక దేశపు రాజధానిలో నున్నాడా యనునది. పిమ్మట, నాలుగు పత్రికలలోని నాలుగు కథనములును ఒకే రాయిటర్స్ వార్తాసంస్థ కథనమునుండి పుట్టినవి కావుగదా యనునది.