దిగే ముందు గాలిని కొలవాలి

కొత్తగా కట్టిన సంపులో మురుగు ఉండదు, వాసనా రాదు. అయినా సెంట్రింగ్ చెక్కలు విప్పడానికి దిగిన కూలీ అక్కడే కుప్పకూలిపోవచ్చు. రోజుల తరబడి మూసి ఉంచిన సంపులో తడి చెక్క కుళ్లుతూ ఆక్సిజన్‌ను తినేసి, బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. బయటి గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. అది 19.5 కంటే తగ్గితే ప్రమాదం మొదలైనట్టే; 6 శాతానికి పడితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. కుప్పకూలినవాణ్ణి కాపాడాలని ఇంకొకరు దిగుతారు. ఇలాంటి చోట్ల చనిపోయినవారిలో 60 శాతానికి పైగా రక్షించబోయినవారేనని అమెరికా సంస్థ నియోష్ 1986లో హెచ్చరించింది.

అందుకే ఇక్కడ కావలసింది తెగువ కాదు, కొలత. దీపం దించి చూస్తే చాలదా అంటారు. దీపం విషవాయువును పట్టివ్వదు. మీథేన్ ఉంటే పేలుడు తెచ్చిపెడుతుంది. ముక్కునూ నమ్మలేం: హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే వాసన తెలిసే శక్తే పోతుంది. మూత తీసి ఉంచినా బరువైన వాయువులు అడుగునే ఉండిపోతాయి. చిన్న పనికి ఇంత ఖర్చా అన్నది మరో అభ్యంతరం. గ్యాస్ డిటెక్టర్, బ్లోయర్ ఒకసారి కొంటే ఎన్నో సైట్లకు పనికొస్తాయి. ఒంటికి హార్నెస్, దానికో తాడు, పైన కాపలాకు ఒక మనిషి ఉంటే, పడినవాణ్ణి ఇంకెవరూ దిగకుండానే పైకి లాగొచ్చు.