లెక్కించాకే రాయాలి: నర్సింగ్ విద్యార్థులకు శారీరక పరీక్షలో మెలకువలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: వార్డులో వైద్యుడు ఒక్కో రోగి వద్ద గడిపేది కొద్ది నిమిషాలే. రేయింబవళ్లు రోగిని కనిపెట్టుకుని ఉండేది నర్సు. పరిస్థితి విషమిస్తున్న తొలి సూచనలు ఆమె కంటికే కనిపించాలి, ఆమె చేతికే తెలియాలి. అందుకే భారతీయ నర్సింగ్ మండలి 2021లో సవరించిన బీఎస్సీ నర్సింగ్ పాఠ్యప్రణాళికలో ఆరోగ్య అంచనాను రెండో సెమిస్టరులోనే చేర్చింది.

సిరిసిల్లలో ప్రభుత్వ నర్సింగ్ కళాశాల 2021 జులైలో ప్రారంభమైంది. ప్రభుత్వ వైద్య కళాశాలలు జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో మొదలయ్యాయి. ఒకప్పుడు శిక్షణ కోసం దూర నగరాలకు వెళ్లిన ఈ ప్రాంత యువత ఇప్పుడు సొంత జిల్లాలోనే నేర్చుకునే వీలు కలిగింది. తరగతిలో విన్నది రోగి పడక వద్ద ఆచరణలోకి రావాలంటే కొన్ని మెలకువలు తప్పనిసరి.

నాలుగు పద్ధతులు

శారీరక పరీక్షకు ఆధారం నాలుగు పద్ధతులు: చూడడం, తాకడం, తట్టడం, వినడం. ఇదే క్రమాన్ని పాటించాలి. పొట్టను పరీక్షించేటపుడు మాత్రం క్రమం మారుతుంది. ముందుగా చూసి, తరువాత స్టెతస్కోపుతో విని, ఆపైన తట్టి, చివరగా తాకాలి. ముందే నొక్కితే పేగుల కదలికల శబ్దాలు మారిపోయే అవకాశం ఉంది. నొప్పి ఉన్న చోటును అన్నిటికంటే చివరగా తాకాలి.

తట్టి తెలుసుకునే పద్ధతిని 1761లో గ్రంథస్థం చేసినవారు ఆస్ట్రియా వైద్యుడు అవెన్‌బ్రుగ్గర్. ఆయన సత్రం నడిపే కుటుంబంలో పుట్టారు. కుండ కొనేవారు వేలితో తట్టి శబ్దాన్ని బట్టి మంచిచెడులు గ్రహించినట్లే ఇదీ. గాలి నిండిన ఊపిరితిత్తిపై శబ్దం మోగుతుంది, నీరు చేరిన చోట మొద్దుబారుతుంది. స్టెతస్కోపును ఫ్రాన్సు వైద్యుడు లెనెక్ 1816లో కనుగొన్నారు. దానిని దుస్తుల పైనుంచి కాక చర్మంపైనే ఉంచి వినాలి. పెట్టేముందు అరచేతితో కాస్త వెచ్చబరచడం రోగి పట్ల మర్యాద.

అంకెల వెనుక ప్రాణం

ఆరోగ్యవంతులైన పెద్దలలో విశ్రాంతిగా ఉన్నపుడు నాడి నిమిషానికి 60 నుంచి 100 వరకు, శ్వాస 12 నుంచి 20 వరకు ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్ 95 శాతం, అంతకు పైన ఉండాలి. నాడి లయ తప్పినట్లు అనిపిస్తే పూర్తి నిమిషం లెక్కించాలి. జ్వరం చూసినపుడు నోటిలో చూశామా, చంకలో చూశామా అన్నదీ రాయాలి. చంకలో ఉష్ణోగ్రత కొంత తక్కువగా నమోదవుతుంది.

వీటన్నిటిలో ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది శ్వాస లెక్క. ముందు పూటలో 18 అని ఉంటే లెక్కించకుండానే మళ్లీ 18 అని రాసేయడం అనేక చోట్ల కనిపించే దురలవాటు. న్యుమోనియా, రక్తంలో ఇన్ఫెక్షన్, గుండె వైఫల్యం వంటి స్థితులలో ముందుగా మారే సూచనలలో శ్వాస వేగం ఒకటి. 18 ఉన్న శ్వాస 28కి చేరినా కాగితం మీద 18గానే మిగిలిపోతే, రోగిని కాపాడగలిగే గంటలు చేజారిపోతాయి. లెక్కిస్తున్నామని తెలిస్తే రోగి శ్వాస తీరు మారుతుంది కాబట్టి, నాడి చూస్తున్నట్లే మణికట్టు పట్టుకుని ఛాతీ కదలికలను నిమిషం పాటు లెక్కించాలి. చిన్నపిల్లలలో హద్దులు వేరు. రెండు నెలల లోపు శిశువులలో 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు వారిలో 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు వారిలో 40, ఆపైన ఉంటే వేగవంతమైన శ్వాసగా భావించాలి.

రక్తపోటు చూసేముందు రోగిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి. వీపుకు ఆనుడు ఉండాలి, పాదాలు నేలకు ఆనాలి, చేయి గుండె ఎత్తులో ఉండాలి, చూస్తున్నంతసేపు మాట్లాడించరాదు. అరగంట లోపు టీ, బీడీ, సిగరెట్ తాగి ఉంటే అంకె పెరుగుతుంది. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుట్టినా ఎక్కువగా చూపుతుంది. గర్భిణిలో 140/90, అంతకు మించి కనిపిస్తే వెంటనే వైద్యునికి తెలియజేయాలి.

పరికరాలను గుడ్డిగా నమ్మరాదు. గోళ్ల రంగు ఉన్నా, వేళ్లు చల్లబడినా ఆక్సిజన్ అంకె తప్పుగా రావచ్చు. తీవ్ర రక్తహీనతలో ఆ అంకె సరిగానే కనిపించినా శరీరానికి అందే ప్రాణవాయువు చాలకపోవచ్చు. కింది కనురెప్పను దించి లోపలి పొర పాలిపోయిందేమో చూడడం నేటికీ అవసరమే. కామెర్లను కంటి తెల్లగుడ్డులో పగటి వెలుగున చూడాలి. నీలిమను నాలుకపై, పెదవులపై గమనించాలి.

మన ప్రాంతం, మన వృత్తులు

రోగి చేసే పని తెలియకుండా పరీక్ష పూర్తికాదు. సిరిసిల్ల మరమగ్గాల శబ్దం మధ్య ఏళ్ల తరబడి పనిచేసిన కార్మికునికి వినికిడి మందగించి ఉండవచ్చు. ప్రశ్న వినబడకనే తల ఊపితే దానిని సమాధానంగా రాసుకోకూడదు. ఎదురుగా కూర్చుని, పెదవులు కనిపించేలా అడగాలి. నూలు ధూళిలో పనిచేసేవారిని, సెలవు తరువాత పనిలోకి వెళ్లిన తొలిరోజున ఛాతీ బిగుసుకుపోతోందా అని ప్రత్యేకంగా ప్రశ్నించాలి. నూలు ధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల వ్యాధికి అది ముఖ్య లక్షణం.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో బీడీలు చుట్టే మహిళలు గంటల కొద్దీ వంగి కూర్చుంటారు. వారిలో మెడ, నడుము నొప్పులతోపాటు పొగాకు ధూళి వల్ల దగ్గు, తలనొప్పి, వికారం ఉన్నాయేమో అడగాలి. పొలం నుంచి వచ్చిన రోగిలో కంటిపాపలు సూదిమొనంత చిన్నవై, చెమట, లాలాజలం విపరీతంగా కారుతుంటే పురుగుమందు ప్రభావాన్ని అనుమానించాలి. కాటు గుర్తు కనిపించకపోయినా కనురెప్పలు వాలిపోవడం, మింగడం కష్టం కావడం పాముకాటు సూచనలు కావచ్చు. ఇటువంటి స్థితిలో పూర్తి పరీక్ష కోసం ఆగకుండా ముందు శ్వాసను చూసి, వైద్యుని పిలవాలి.

రోగి మాటనే రాయాలి

'దమ్మొస్తుంది', 'కండ్లు తిరుగుతున్నయి', 'పానం మంచిగ లేదు' అని రోగి చెప్పినపుడు నవ్వరాదు, తోచిన అర్థం రాయరాదు. ఆ మాటనే నమోదు చేసి, ఎప్పటి నుంచి, ఏం చేస్తే పెరుగుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది అని అడగాలి. పరీక్షకు ముందు చేతులు కడుక్కోవడం, పేరు చెప్పి అనుమతి తీసుకోవడం, తెర వేయడం, పరీక్షించే భాగాన్ని మాత్రమే తెరవడం ముఖ్యం. పురుష విద్యార్థి మహిళా రోగిని పరీక్షించేటపుడు పక్కన మరో మహిళ ఉండాలి.

చివరి మెలకువ, చూసింది చెప్పగలగడం. 'రోగికి బాగాలేదు' అని ఫోనులో చెబితే వైద్యునికి ఏమీ తెలియదు. 'రెండు గంటల క్రితం శ్వాస 18, ఇప్పుడు 28, నాడి 118, పైరక్తపోటు 90, అడిగినదానికి తికమకగా బదులిస్తున్నారు' అంటే చికిత్స ఆ క్షణమే మొదలవుతుంది. శిక్షణ కాలంలో రోజుకు ఇద్దరు రోగులనైనా ఇలా పూర్తిగా పరీక్షించి, తన లెక్కను సీనియర్ నర్సు లెక్కతో సరిచూసుకునే విద్యార్థికి ఈ అలవాటు ఉద్యోగమంతా తోడుంటుంది.