వరిగడ్డి మీద సంకర ఆవు
సూర్యలంక ఇసుక దాటితే బాపట్ల, రేపల్లె, తెనాలి చుట్టూ డెల్టా వరి పొలాలే. అక్కడి పాడి ఆవు ఏం తింటుందో తేల్చేది రైతు వేసే పంట: సార్వా వరి, దాని వెనక మినుము. వరిగడ్డిలో మాంసకృత్తులు 3–4 శాతమే. పైగా అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు.

ఒంగోలు ఆవు ఈ మేతతోనూ, తీరపు ఉక్కతోనూ నెట్టుకొస్తుంది. వదులైన చర్మం, వేలాడే గంగడోలు, పుష్కలంగా చెమట గ్రంథులు దానికి అండ. పాలు మాత్రం తక్కువ. జెర్సీ సంకరం పాలు ఎక్కువిస్తుంది. ఎక్కువ పాలంటే ఎక్కువ మేత, ఒంట్లో ఎక్కువ వేడి. తేమగాలిలో ఆ వేడి బయటికి పోదు. ఆవు రొప్పుతుంది, మేత తగ్గిస్తుంది, ఎద సరిగా కనిపించదు, చూడి నిలవదు. జాతిని మార్చి మేతను మార్చకపోవడమే అసలు పొరపాటు.

ట్రాక్టరు రాకతో ఎద్దుకు పని పోయింది, ఒంగోలు జాతీ తగ్గింది. గుంటూరు దగ్గరి లాం కేంద్రం దాన్ని కాపాడుతోంది. బ్రెజిల్‌లో మాత్రం అదే రక్తం ‘నెలోర్’ పేరుతో మందలు మందలుగా పెరిగింది! ఇక కోత యంత్రం గడ్డిని పొలంలోనే చెదరగొడుతుంది. ఏరి కట్టలు కట్టకపోతే అదీ దక్కదు.

సంకర ఆవుకు పచ్చిమేత, దాణా, లవణ మిశ్రమం, నీడ, ఎప్పుడూ చల్లటి నీళ్లు కావాలి. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను నీళ్లలో కరిగించి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు మాగవేస్తే మాంసకృత్తులు దాదాపు రెట్టింపవుతాయి. ఆరు నెలలలోపు దూడలకు ఈ గడ్డి పెట్టకూడదు.