పాత కారు పునరుద్ధరణ

పాత కారు పునరుద్ధరణ అనగా చాలా కాలము వాడకము లేక పాడైన కారును దాని మొదటి రూపమునకు, నడిచే స్థితికి తిరిగి తీసుకొని రావడము. దీనిని వృత్తిగా చేసేవారు ఉన్నారు. అయితే తాతల నాటి కారును నిలుపుకోవాలనే కోరికతో తీరిక సమయములో చేసేవారే ఎక్కువ. మరమ్మతుకు, పునరుద్ధరణకు తేడా ఉన్నది. మరమ్మతులో బండి నడిస్తే చాలును. పునరుద్ధరణలో బండి నడవడముతో పాటు, అది తయారైన కాలమునకు సాక్ష్యముగా నిలవవలెను. ఈ వ్యాసములో ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు పరిసరములను ఉదాహరణగా తీసుకొని ఈ పని ఎలా జరుగుతుందో వివరించబడినది. తేమ ఎక్కువగా ఉండే ఈ ప్రాంతములో కారుకు ప్రధాన శత్రువు తుప్పు.

నిర్వచనములు

వాడుకలో పాత కార్లన్నిటినీ "వింటేజి" అని అంటారు. బ్రిటన్‌లో 1934లో ఏర్పడిన వింటేజి స్పోర్ట్స్ కార్ క్లబ్బు సంప్రదాయము ప్రకారము 1919 నుండి 1930 వరకు తయారైనవి మాత్రమే వింటేజి కార్లు. 1966లో ఏర్పడిన అంతర్జాతీయ పురాతన వాహనాల సమాఖ్య (ఫీవా) కనీసము 30 ఏళ్ళ వయసు కలిగి, చారిత్రకముగా సరైన స్థితిలో ఉండి, రోజువారీ ప్రయాణమునకు వాడని వాహనమును చారిత్రక వాహనముగా పరిగణిస్తుంది. భారతదేశములో 2021 నాటి నిబంధనల ప్రకారము మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుండి 50 ఏళ్ళు దాటిన, వ్యాపారమునకు వాడని వాహనమే వింటేజి వాహనము.

భారతదేశములో కుటుంబపు కార్లు

స్వాతంత్ర్యము తరువాత కొన్ని దశాబ్దాల పాటు దేశములో మూడు రకముల కార్లే ప్రధానముగా కనిపించేవి.

అంబాసిడర్: 1942లో స్థాపించబడిన హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారములో దీనిని తయారు చేసినది. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు దీనికి మూలము. 1950వ దశకము చివర మొదలైన దీని ఉత్పత్తి 2014 మే నెలలో ఆగిపోయినది. 1,489 ఘన సెం.మీ. పెట్రోలు ఇంజను చాలా కాలము దీనిలో వాడబడినది.

ఫియట్, ప్రీమియర్ పద్మిని: 1944లో వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ బొంబాయిలోని కుర్లాలో ఫియట్ 1100 కార్లను తయారు చేసినది. అదే కారు 1970వ దశకములో పద్మిని అనే పేరు పొందినది. దీని ఇంజను 1,089 ఘన సెం.మీ. గేరు కడ్డీ స్టీరింగు ప్రక్కనే ఉంటుంది.

స్టాండర్డ్: మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్ సంస్థ స్టాండర్డ్ హెరాల్డ్, గజెల్ వంటి కార్లను తయారు చేసినది. ఇవి తక్కువ సంఖ్యలో మిగిలి ఉండుట వలన విడిభాగములు దొరకడము కష్టము.

అప్పట్లో డబ్బు కట్టి కారు కోసము ఏళ్ళ తరబడి ఎదురుచూడవలసి వచ్చేది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన తరువాత పాత కార్లు క్రమముగా షెడ్లలోకి చేరినవి.

ప్రాంతము, వాతావరణము

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య నున్న కొల్లేరు సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు వచ్చి కలుస్తాయి. మిగులు నీరు ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతములోకి పోతుంది. కొల్లేరు మంచినీటి సరస్సే గాని, ఉప్పుటేరు గుండా సముద్రపు ఉప్పునీరు కూడా పైకి వస్తూ ఉంటుంది. ఈ సరస్సు 1999లో వన్యప్రాణి అభయారణ్యముగా, 2002లో రామ్‌సర్ ప్రదేశముగా ప్రకటించబడినది. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజన తరువాత ఏలూరు, కైకలూరు ఏలూరు జిల్లాలోను, తాడేపల్లిగూడెం, ఆకివీడు పశ్చిమ గోదావరి జిల్లాలోను ఉన్నవి.

గాలిలో తేమ సుమారు 60 శాతము దాటినప్పుడు ఇనుము తుప్పు పట్టే వేగము బాగా పెరుగుతుంది. ఉప్పులోని క్లోరైడు దానిని మరింత పెంచుతుంది. ఇక్కడి ఊళ్ళలో కారు ఉంచే షెడ్డులోనే ధాన్యము, గడ్డి, ఎరువుల బస్తాలు ఉంచడము పరిపాటి. వరికి వాడే పొటాష్ ఎరువు రసాయనికముగా పొటాషియం క్లోరైడు. అది తేమను పట్టి ఉంచి, పక్కనున్న ఇనుమును తినివేస్తుంది. ధాన్యము కోసము వచ్చిన ఎలుకలు సీట్ల దూదిని, వైర్లను కొరుకుతాయి. వరదనీరు చేరిన కారులో ఒండ్రుమట్టి తలుపుల అడుగున, నేల రేకుల మడతలలో నిలిచిపోయి, పైకి కనబడకుండా ఏళ్ళ తరబడి తేమను నిలిపి ఉంచుతుంది.

మొదట చేయవలసినవి

చాలామంది చేసే మొదటి పొరపాటు, కారు దొరికిన రోజే కొత్త బ్యాటరీ పెట్టి స్టార్టు చేయడము. ఏళ్ళ తరబడి నిలిచిన ఇంజనులో పిస్టన్ రింగులు సిలిండరు గోడలకు అతుక్కొని ఉంటాయి. బలవంతముగా తిప్పితే అవి విరిగి, బాగుచేయదగిన ఇంజను పనికిరాకుండా పోతుంది.

కనుక మొదట కారును అన్ని వైపుల నుండి ఫొటోలు తీయవలెను. చాసిస్ సంఖ్య, ఇంజను సంఖ్య రిజిస్ట్రేషన్ పుస్తకముతో సరిపోతున్నవో లేదో చూడవలెను. విప్పిన ప్రతి భాగమునకు చీటీ కట్టి, ఏది ఎక్కడ నుండి వచ్చినదో ఒక పుస్తకములో వ్రాసుకొనవలెను. ఈ పని సంవత్సరముల పాటు సాగవచ్చును. చీటీ లేని బోల్టు ఆరు నెలల తరువాత ఎవరికీ గుర్తుండదు. సగములో ఆగి, ముక్కలుగానే పాత ఇనుము క్రింద అమ్ముడైన కార్లు ఎక్కువగా ఇలా చెదిరిపోయినవే.

బాడీ పని

అంబాసిడర్, పద్మిని కార్లకు లారీ వలె విడిగా చాసిస్ ఉండదు. రేకుల బాడీయే బరువును మోస్తుంది. అందువలన తలుపుల క్రింద ఉండే పెట్టె వంటి పట్టీలు, నేల రేకులు, స్ప్రింగులు బిగించే చోట్లు తుప్పు పడితే అది అందమునకు సంబంధించిన విషయము కాదు, కారు బలమునకు సంబంధించినది. పై రంగు మెరుస్తున్నా సుత్తితో మెల్లగా తట్టి చూచి, స్క్రూడ్రైవరు మొనతో నొక్కి చూడవలెను. మొన దిగిపోయిన చోట రేకు చచ్చినట్లే. దానిని గట్టి రేకు వచ్చేవరకు కోసి, కొత్త రేకు వెల్డింగు చేయవలెను. రంధ్రములను పుట్టీతో నింపి రంగు వేయడము మోసముతో సమానము. తుప్పు లోపలి నుండి మరల బయటకు వస్తుంది.

చిన్న భాగముల తుప్పును విద్యుద్విశ్లేషణ ద్వారా తీయవచ్చును. చాకలి సోడా కలిపిన నీటిలో భాగమును ముంచి, బ్యాటరీ ఛార్జరు ఋణ ధ్రువమును దానికి, ధన ధ్రువమును వేరొక ఇనుప ముక్కకు కలుపుతారు. ధన ధ్రువముగా స్టెయిన్‌లెస్ స్టీలును వాడరాదు. దాని వలన విషపూరితమైన క్రోమియం సమ్మేళనములు ఏర్పడతాయి. ఈ చర్యలో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది గనుక గాలి తగిలే చోట, నిప్పుకు దూరముగా చేయవలెను. శుభ్రమైన రేకుకు వెంటనే ప్రైమరు వేయవలెను. కొల్లేరు గాలిలో ఒక్క రాత్రికే పలుచని ఎర్రని పొర ఏర్పడవచ్చును.

ఇంజను

స్పార్కు ప్లగ్గులు తీసి, ఒక్కొక్క సిలిండరులో పలుచని నూనె పోసి కొన్ని రోజులు నానబెట్టి, తరువాత చేతితో మెల్లగా త్రిప్పవలెను. తిరిగిన తరువాత సిలిండర్లలో ఒత్తిడిని కొలుస్తారు. నాలుగింటిలో ఒకటి మిగిలినవాటి కంటె బాగా తక్కువ చూపితే వాల్వులో, రింగులలో లేక హెడ్ గాస్కెట్టులో లోపము ఉన్నట్లు. సిలిండర్లు అరిగితే లేతు షాపులో బోరింగు చేయించి, పెద్ద సైజు పిస్టన్లు వేస్తారు. లేతు పనికి, పాత విడిభాగములకు ఈ ప్రాంతమువారు సాధారణముగా ఏలూరుకు సుమారు 60 కి.మీ. దూరములో నున్న విజయవాడ ఆటోనగర్‌పై ఆధారపడతారు. అంబాసిడర్ ఉత్పత్తి ఆగిపోయిన తరువాత పాత భాగమును పారవేయకుండా బాగుచేయడమే చాలా సందర్భములలో మంచి మార్గమైనది.

ఇంధనము

పాత ఇంజన్లు సీసము కలిపిన పెట్రోలు కాలమునకు చెందినవి. 2000 ఫిబ్రవరి నుండి దేశమంతటా సీసము లేని పెట్రోలే అమ్మబడుచున్నది. సీసపు పొర రక్షణ లేనందున, అధిక వేగములో ఎగ్జాస్టు వాల్వు కూర్చునే చోటు అరుగుతుంది. హెడ్ విప్పినప్పుడు గట్టి లోహపు రింగులు వేయిస్తే ఈ సమస్య ఉండదు.

20 శాతము ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 నుండి దశలవారీగా ప్రవేశపెట్టబడినది. ఇథనాల్ పాత రబ్బరు పైపులను ఉబ్బింపజేస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ట్యాంకులోని పాత మడ్డిని కదిలిస్తుంది. కనుక ఇథనాల్‌ను తట్టుకొనే పైపులు, ఒక అదనపు ఫిల్టరు అవసరము. కారును నెలల తరబడి కదల్చకుండా ఉంచేటట్లయితే ట్యాంకులోని పెట్రోలు తీసివేయడము మేలు.

బ్రేకులు, విద్యుత్తు

కారును కదిలించే ముందు ఆపగలగడము ముఖ్యము. మాస్టరు సిలిండరు, చక్రముల సిలిండర్లలోని రబ్బర్లను, పాత బ్రేకు పైపులను తప్పనిసరిగా మార్చవలెను. పాత కార్లలో నాలుగు చక్రములకు ఒకే బ్రేకు వలయము ఉంటుంది. ఒక్క పైపు పగిలితే నాలుగూ పనిచేయవు. బ్రేకు ద్రవమునకు బదులు ఇంజను ఆయిలు పోయరాదు. అది రబ్బర్లను పాడుచేస్తుంది. చూడడానికి బాగున్నా, పాతబడి పగుళ్ళు పట్టిన టైర్లతో రోడ్డు ఎక్కరాదు.

ఎలుకలు కొరికిన వైర్లకు టేపు చుట్టడము కంటె మొత్తము వైరింగు కొత్తగా వేయడము మంచిది. అగ్ని ప్రమాదములకు పాత వైరింగు ఒక ముఖ్య కారణము. కొన్ని పాత బ్రిటిష్ నమూనా కార్లలో బ్యాటరీ ధన ధ్రువము బాడీకి కలిపి ఉంటుంది. అది గమనించకుండా ఆల్టర్నేటరు అమర్చితే కాలిపోతుంది.

భద్రత

ఖాళీ పెట్రోలు ట్యాంకు నిండు ట్యాంకు కంటె ప్రమాదకరమైనది. లోపల నిలిచిన ఆవిరి గాలితో కలిసి పేలుతుంది. ట్యాంకును ఆవిరి పూర్తిగా పోయేటట్లు శుభ్రము చేయకుండా వెల్డింగు చేయరాదు. పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండవచ్చును గనుక ఆ దుమ్మును గాలితో ఊదరాదు, తడిగుడ్డతో తుడవవలెను. పాత రంగులో సీసము ఉండవచ్చును గనుక పొడిగా గీకరాదు. జాకీ మీద మాత్రమే నిలిపిన కారు క్రిందికి వెళ్ళరాదు.

చట్టపరమైన విషయములు

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది. తరువాత తనిఖీ చేయించి, ఐదేళ్ళకొకసారి పునరుద్ధరించుకొనవలెను. దీని రుసుము 2022లో పెంచబడినది.

ఇంటి కార్ల విషయములో ఎక్కువ చిక్కు యజమాని పేరుతో వస్తుంది. తాతగారి పేరున ఉన్న కారు వారి మరణానంతరము వారసుల పేరుకు మారకుండానే షెడ్డులో ఉండిపోతుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారము వారసుడు 30 రోజులలో మరణ సమాచారము తెలిపి, 3 నెలలలో ఫారము 31 ద్వారా బదిలీ కోరవలెను. ఆలస్యమైన కొద్దీ వారసుల సంఖ్య పెరిగి, అందరి అంగీకారము సంపాదించడము కష్టమౌతుంది. అందువలన ఇంజను పనికి డబ్బు పెట్టక ముందే కాగితముల పని చూచుకొనడము ఉత్తమము.

50 ఏళ్ళు దాటిన వాహనములకు 2021 జూలైలో వింటేజి రిజిస్ట్రేషన్ ఏర్పాటు చేయబడినది. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలుగాను, పునరుద్ధరణకు 5,000 రూపాయలుగాను నిర్ణయించబడినది. చెల్లుబాటు 10 ఏళ్ళు. కొత్తగా ఇచ్చే సంఖ్యలో రాష్ట్రపు అక్షరముల తరువాత "వీఏ" అనే అక్షరములు ఉంటాయి. ఇటువంటి కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, ఇంధనము మరియు మరమ్మతుల కొరకు మాత్రమే రోడ్డుపై నడపవలెను. చాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు చేసిన వాహనములకు ఈ గుర్తింపు లభించదు. అనగా అంబాసిడర్‌లో ఆధునిక డీజిలు ఇంజను అమర్చినవారు, తెలియకుండానే ఈ అవకాశమును వదులుకుంటారు.

మూల రూపము ఎంతవరకు?

పునరుద్ధరణలో అన్నిటికంటె కష్టమైన ప్రశ్న ఇది. ఫీవా 2012లో ఆమోదించిన టురిన్ పత్రము వాహనమును వీలైనంత తక్కువ జోక్యముతో కాపాడవలెనని, చేసిన మార్పులను నమోదు చేయవలెనని చెప్పుచున్నది. హైదరాబాదు చౌమహల్లా రాజభవనములోని నిజాం పసుపు రంగు రోల్స్ రాయిస్ వంటి రాజవంశపు వాహనములు ఏళ్ళ తరబడి మూలపడి ఉన్నా, ఎవరో ఒకరు పూనుకొని నిలబెట్టినారు. సామాన్య కుటుంబపు కారుకు అటువంటి అండ ఉండదు. దాని చరిత్రను కాపాడవలసినది ఆ ఇంటివారే.

కొత్తది వలె మెరిసే రంగు ఎప్పుడైనా వేయవచ్చును. డ్యాష్‌బోర్డుపై అతికించిన దేవుని బొమ్మను, వెనుక తలుపు మీద పిల్లలు గీసిన గీతను, యజమాని చేతిరాతతో ఉన్న సర్వీసు చీటీలను ఒకసారి తొలగిస్తే తిరిగి తేలేము. అందుకని అనుభవజ్ఞులు భద్రతకు సంబంధించిన బ్రేకులు, టైర్లు, వైరింగు, తుప్పు విషయములలో రాజీపడకుండా కొత్తవి వేసి, మిగిలినవాటిలో శుభ్రపరచి ఉంచగలిగినంత ఉంచుతారు.

పని పూర్తయిన కారును గాలి చొరని ప్లాస్టిక్ పట్టాతో కప్పరాదు. లోపల తేమ చిక్కి తుప్పు మరల మొదలౌతుంది. నూలు గుడ్డతో కప్పి, ఎత్తైన నేలపై ఎరువులకు, ధాన్యమునకు దూరముగా ఉంచి, పదిహేను రోజులకొకసారి ఇంజను బాగా వేడెక్కే వరకు నడిపితే కారు నిలుస్తుంది.