బలశాలి వర్తకుడైన వైనము

వేసవి దినములలో మన యిండ్ల పెద్దలు చేతులు లేని బనియను తొడిగికొని అరుగుమీద కూర్చుండుట మనమెల్లరము చూచినదే. బట్టలకొట్టుకు పోయి దానిని ‘శాండో బనియను’ అని యడుగుదుము. కొట్టువాడు మారుమాటాడక తీసి యిచ్చును. ఈ ‘శాండో’ యను మాట తెలుగు మాట కాదు. సంస్కృతమునుండి వచ్చినదియు కాదు. అది యొక మనుష్యుని పేరు. అతడు సుమారు నూఱేండ్ల క్రిందట లండను నగరమున గతించెను. అతనిని చూచినవారెవ్వరును నేడు లేరు. అయినను అతని పేరు మాత్రము మన బజారులలో నిత్యము వినబడుచునే యున్నది. కండలు చూపి కీర్తి గడించి, ఆ కీర్తిని పెట్టుబడిగా మార్చి ధనమార్జించి, ఆ ధనములో పెద్దభాగమును తన కండ్లయెదుటనే పోగొట్టుకొన్న యా బలశాలి చరిత్ర తెలిసికొనదగినది.

అతని అసలు పేరు ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ ముల్లర్. అతడు 1867వ సంవత్సరము ఏప్రిలు 2వ తేదీన ప్రష్యా రాజ్యమునందలి కోనిగ్స్‌బెర్గు పట్టణమున జన్మించెను. ఆ పట్టణము నేడు కాలినిన్‌గ్రాద్ అను పేర రష్యాదేశమున చేరియున్నది. చిన్ననాట తండ్రితో ఇటలీకి పోయి, అచ్చటి ప్రాచీన వీరుల శిలావిగ్రహములను చూచి, తానును అట్టి దేహమును సంపాదింపవలెనని సంకల్పించితినని అతడు పెద్దవాడైన తరువాత చెప్పుకొనెడివాడు. అట్టి కథ వినువారి మనస్సులలో చక్కగా నాటుకొనునని అతడెఱుగును. 1885లో, సైన్యమున నిర్బంధముగా చేరవలసిన వయసు రాగా, దానిని తప్పించుకొనుటకై దేశము విడిచి, ఐరోపాఖండమున ఊరూరు తిరుగుచు సర్కసులలో పనిచేసెను. అప్పుడే యూజిన్ శాండో అను పేరు పెట్టుకొనెను.

బ్రసెల్సు నగరమున లూయీ డర్లాకర్ అను వస్తాదు అతనికి తటస్థపడెను. జనులు ఆ వస్తాదును ‘ప్రొఫెసర్ అట్టిలా’ అని పిలుచుచుండిరి. రత్నమును చూచిన వర్తకుని వలె ఆయన ఆ యువకుని సత్తువను గుర్తించి, బరువైన ఇనుపగుండ్లతో సాము చేయించి, రంగస్థలముపై మెలగు తీరును నేర్పెను. ఆ రోజులలో లండనులో శాంసన్ అను బలశాలి ప్రదర్శనములిచ్చుచు, తన్నును తన శిష్యుడైన సైక్లోప్సును జయింపగలవారెవరైన ఉన్నచో ముందుకు రావలసినదని ప్రేక్షకులను సవాలు చేయుచుండెను. అట్టిలా ప్రోత్సాహమున శాండో లండనుకు వచ్చి, 1889లో రాయల్ అక్వేరియమను ప్రదర్శనశాలలో ఆ సవాలునందుకొనెను. మొదట శిష్యుని, పిదప గురువును ఓడించెను. ప్రభువంశీయులు కొందఱు న్యాయనిర్ణేతలుగా నుండిరి. మఱునాటికి ఆ పేరు తెలియని యిల్లు లండనులో లేదన్న అతిశయోక్తి కాదు. అప్పటికి శాండో వయసు ఇరువదిరెండేండ్లు.

ఇచ్చట మనమొక విషయమును గమనింపవలెను. బలప్రదర్శనము చేయువాని సంపాదన యెట్టిది? ఈ రాత్రి బరువెత్తినచో ఈ రాత్రికి కూలి ముట్టును. రేపు జ్వరము వచ్చినచో రేపటికి కూలి లేదు. నలుబది యేండ్లు దాటిన పిదప కండ సడలును; కండతోపాటు రాబడియు సడలును. కాయకష్టముచేత బ్రదుకు కూలివాని కష్టమే వాని కష్టము. ఆ కాలపు బలశాలులలో పెక్కుమంది కీర్తిని తిని, దరిద్రమును మిగుల్చుకొన్నవారు. శాండో ఈ చిక్కును ఎట్లు దాటెననునదే అతని చరిత్రలోని కీలకము.

1893లో అతడు అమెరికాకు పోయెను. ఆ సంవత్సరమే చికాగో నగరమున గొప్ప అంతర్జాతీయ ప్రదర్శనము జరుగుచుండెను. ఫ్లోరెంజ్ జీగ్‌ఫెల్డ్ అను యువకుడు శాండోను తన తండ్రి నాటకశాలలో ప్రదర్శనములకు కుదుర్చుకొనెను. అతడొక సూక్ష్మమును కనిపెట్టెను. ప్రేక్షకులు శాండో ఎత్తు బరువును చూచి ఆశ్చర్యపడుచున్న మాట నిజమే. కాని, అంతకంటెను ఎక్కువగా, ఎత్తునప్పుడు పొంగు కండరములను కన్నార్పక చూచుచుండిరి. బరువు మాట వెనుకకు పోయెను. దేహమే వింత యయ్యెను. అంతటినుండి శాండో శిలావిగ్రహము వలె నిలిచి, ఒక్కొక్క కండరమును కదలించి చూపుట మొదలుపెట్టెను. నేడు మనము దేహదారుఢ్య ప్రదర్శనమని పిలుచుదానికి అది తొలిమెట్టు. 1894లో ఎడిసన్ శాస్త్రజ్ఞుని చలనచిత్రశాలలో అతని భంగిమములను చిత్రించిరి. చలనచిత్రములు పుట్టిన తొలినాళ్లలోనే వానియందు కనబడిన ప్రసిద్ధులలో శాండో యొకడు.

అతడు ఇంగ్లండునకు తిరిగివచ్చిన పిదప కొంతకాలమునకు, తన దేహమునే గాక, దేహమును పెంచు విద్యను అమ్మవచ్చునని గ్రహించెను. దేహమొక్కటియే యున్నది, అది ఒక రాత్రి ఒక్క ఊరిలోనే యుండగలదు. విద్యయన్ననో, పుస్తకమై, పత్రికయై, పరికరమై వేయి ఊళ్లకు ఒక్కమాఱే పోగలదు. 1897లో అతడు లండను నడిబొడ్డున, సెయింట్ జేమ్స్ వీథిలో వ్యాయామ విద్యాలయమును స్థాపించెను. అది మన తాలింఖానాల వంటి మట్టినేల గోదా కాదు. ధనికులును, ఉద్యోగులును వచ్చి, శిక్షకుల పర్యవేక్షణమున క్రమము తప్పక సాము చేయుటకు తగిన హంగులు గలది. ఆ యేటనే బలమును పొందు మార్గమును తెలుపు గ్రంథమొకటి వెలువరించెను. 1898లో పత్రికను ప్రారంభించెను. లండనుకు రాలేనివారికి తపాలా ద్వారా పాఠములును పరికరములును పంపుచుండెను.

ఆ పరికరములలో మిక్కిలి ప్రసిద్ధమైనది స్ప్రింగుల డంబెల్. దాని పిడి రెండు చీలికలుగా నుండును. ఆ చీలికలకు నడుమ ఉక్కు స్ప్రింగులుండును. వ్యాయామము చేయునంతసేపును పిడికిలి బిగించి ఆ చీలికలను దగ్గఱగా నొక్కి పట్టవలెను. పట్టు సడలెనా, చీలికలు విడిపోవును. చేయి ఊరక ఆడించిన చాలదు, మనస్సును పనిమీద నిలుపవలెనని శాండో బోధించెడివాడు. పరికరము చిన్నది, ఖరీదు తక్కువ, గదిలో ఒక మూలనైనను సాము చేసికొనవచ్చును. కార్యాలయములలో కుర్చీలకంటుకొని పనిచేయు వేలమంది గుమాస్తాలకు ఇది నచ్చెను. పత్రికను చదివినవాడు పరికరమును కొనును. పరికరమును కొన్నవాడు పత్రికకు తన ఛాయాచిత్రమును పంపును. ఆ చిత్రమును చూచి మఱియొకడు పరికరమును కొనును. శాండో నిద్రించుచున్నను అతని పేరు మేలుకొని వ్యాపారము చేయుచుండెను.

ఈ వ్యాపారమునకు శిఖరము వంటిది 1901వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన జరిగిన మహాపోటీ. దానిని గూర్చిన ప్రకటన 1898లోనే పత్రికలో వెలువడెను. మూడేండ్లపాటు జిల్లాలవారీగా పోటీలు జరిగి, గెలిచినవారు లండనులోని రాయల్ ఆల్బర్ట్ హాలునకు వచ్చిరి. శాండోతోపాటు ఇద్దఱు న్యాయనిర్ణేతలుండిరి. ఒకరు చార్లెస్ లాస్ అను శిల్పి. రెండవవారు షెర్లాక్ హోమ్స్ కథలను వ్రాసిన ఆర్థర్ కోనన్ డాయిల్. మిక్కిలి లావైన కండలు గలవానికే బహుమతి యని వారు నియమింపలేదు. అవయవములు సమముగా పెరిగినవా, కండ బిగువుగా నున్నదా, ఆరోగ్యమెట్లున్నది, చర్మము ఎట్లున్నది అనువానిని పరిశీలించిరి. నాటింగ్‌హామ్ వాసియైన విలియం మరే ప్రథముడుగా నిలిచి, శాండో రూపమున పోతపోసిన బంగారు ప్రతిమను గైకొనెను. ప్రపంచమున జరిగిన తొలి పెద్ద దేహదారుఢ్య పోటీగా దీనిని చరిత్రకారులు చెప్పుదురు.

శాండో మన దేశమునకును వచ్చెను. 1904-05 సంవత్సరములలో అతడు హిందూదేశమున పర్యటించుచు కలకత్తా, బొంబాయి మొదలగు నగరములలో ప్రదర్శనములిచ్చెను. అప్పటికే దండీలు, బస్కీలు, కుస్తీలు, గదలు మన తాలింఖానాలలో తరతరములుగా ఉన్నవి. బలవిద్య మనకు క్రొత్త కాదు. క్రొత్తగా వచ్చినది దానిని పుస్తకముగను, పరికరముగను, పేరుగను మార్చి అమ్ము పద్ధతి. వీరఘట్టమున పుట్టి, కలియుగ భీముడని ఖ్యాతి గాంచిన కోడి రామమూర్తినాయుడు ఆ తరమువాడే. ఆయనయు బలప్రదర్శనముతో ఆగక సొంతముగా సర్కసు కంపెనీని నెలకొల్పి నడపెను. బలమును నమ్ముకొన్నవారు వ్యాపారమువైపు చూచుట ఆ కాలమున రెండు ఖండములలోను కనబడుచున్నది.

శాండో భాగ్యము నానాటికి వృద్ధి పొందెను. 1906లో అతడు బ్రిటిషు పౌరసత్వము స్వీకరించెను. హాలండ్ పార్క్ అవెన్యూలో గొప్ప గృహమున నివసించెను. 1911లో అయిదవ జార్జి చక్రవర్తి అతనిని తమ శాస్త్రీయ వ్యాయామాచార్యునిగా నియమించిరి. సైన్యమునకు భయపడి పారిపోయి వచ్చిన పిల్లవానికి రాజసన్మానము లభించెను. ఇక అతని పేరు ముద్రించిన వస్తువులు ఒకదాని వెంట నొకటి బయలుదేరెను. స్త్రీలు నడుమునకు ధరించు కార్సెట్టు అతని పేర అమ్ముడుపోయెను. తరువాత ఆరోగ్యమును బలమును ఇచ్చునని చెప్పుచు కోకో పొడిని అమ్మనారంభించెను.

కోకో వ్యాపారమే అతనిని దెబ్బతీసెను. డంబెల్ వ్యాపారమునందు అతనికి సాటి యెవ్వరును లేరు. అది అతడు చేతులతో నేర్చిన విద్య. కోకో అట్లు కాదు. కార్మాగారము, యంత్రములు, పనివారు కావలెను. కోకో గింజలు సముద్రములు దాటి రావలెను. క్యాడ్‌బరీ, ఫ్రై, రౌన్‌ట్రీ వంటి కంపెనీలు పెక్కేండ్లుగా ఆ వ్యాపారమున పాతుకొనియుండెను. ఇంతలో 1914లో మొదటి ప్రపంచ మహాసంగ్రామము వచ్చిపడెను. జర్మనీ పేరు చెప్పిననే ఇంగ్లండు ప్రజలు మండిపడుచుండిరి. శాండో బ్రిటిషు పౌరుడై యెనిమిదేండ్లు గడచినను, అతడు పుట్టిన గడ్డను జనులు మఱచిపోలేదు. అతని వస్తువులన్నిటిమీదను ఉన్నది ఒక్కటే గుర్తు, అతని పేరు. మంచి రోజులలో ఆ పేరే అన్నిటిని అమ్మెను. చెడ్డ రోజులలో ఆ పేరే అన్నిటికి అడ్డు వచ్చెను. 1916లో కోకో కంపెనీ మూతపడెను. కలిమిలేములు కావడికుండలని మన పెద్దలు చెప్పుమాట అతని పట్ల నిజమయ్యెను.

అతడు 1925వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన, ఏబదియెనిమిదవ యేట లండనులో మరణించెను. పుట్నీ వేల్ శ్మశానమున ఖననము చేసిరి. లోకమంతయు చదివిన పేరును ఆ సమాధిమీద మాత్రము ఎవ్వరును చెక్కలేదు. భార్య అభీష్టము ననుసరించి అది గుర్తు లేని మట్టిదిబ్బగా నుండిపోయెను. 2002లో గాని అచ్చట ఒక శిలాఫలకము వెలయలేదు.

శాండో జీవితమును మనమెట్లు తూచవలెను? అతడు తప్పులు లేనివాడు కాడు. తన దేహమును బరువైన ఇనుముతో పెంచి, ఇతరులకు తేలికైన డంబెల్‌లను చూపి ‘మీరును నావలె కాగలరు’ అని ప్రకటించుట పూర్తి సత్యము కాదు. ఒకని దేహమును చూచి పొడిని కొనుటయు, పరికరమును కొనుటయు నాడెంత ఉండెనో నేడును అంతే యున్నది. కొనువాడు ఆ దేహము వెనుకనున్న ఏండ్ల శ్రమను కూడ లెక్కలోనికి తీసికొనవలెను. శ్రమ ఏ డబ్బాలోను దొరకదు.

కాని, అతడు చేసిన మేలు చిన్నది కాదు. బలము సర్కసువాని సొత్తు కాదనియు, గుమాస్తాయు ఉపాధ్యాయుడును రోజునకు కొంతసేపు శ్రమించి ఆరోగ్యవంతులు కావచ్చుననియు లక్షలమందికి నచ్చజెప్పెను. దేహము సడలకముందే విద్యను సంపదగా మార్చుకొను నేర్పు చూపెను. తానెఱిగిన పని విడిచి ఎఱుగని పనిలో దిగినచో ఏమగునో అదియు తన జీవితముననే చూపెను.

అతని కోకో డబ్బాలు నేడు లేవు. పత్రికయు లేదు. అయితే 1977 మొదలుకొని మిస్టర్ ఒలింపియా పోటీలో గెలిచినవారికి శాండో ప్రతిమనే బహూకరించుచున్నారు. ఇచ్చట, మన యూరి బట్టలకొట్టులో, అతడెవరో తెలియని పిల్లవాడు అరచేయి చాచి ‘శాండో బనియను’ అని యడుగుచున్నాడు. కూడబెట్టిన ధనము కరగిపోయెను. చెమటోడ్చి సంపాదించిన పేరు మాత్రము మిగిలెను.