టైటాన్స్‌ పతనం, పునర్నిర్మాణం వెనుక వేలం లెక్క

బంటుమిల్లి: సంక్రాంతి కబడ్డీ పోటీలకు అలవాటుపడిన మన ప్రాంత అభిమానులను ప్రొ కబడ్డీ లీగ్‌లో తెలుగు టైటాన్స్‌ ఏళ్ల తరబడి నిరాశపరిచింది. 2021-22 సీజన్‌లో 22 మ్యాచ్‌లకు ఒక్కటే గెలిచింది. తర్వాతి రెండు సీజన్లలోనూ రెండేసి విజయాలతో సరిపెట్టుకుంది.

ఒక్క తారపైనే ఆధారపడటం ఇందుకు ప్రధాన కారణం. 2021లో రూ.1.30 కోట్లకు తీసుకున్న రైడర్‌ సిద్ధార్థ్‌ దేశాయ్‌ గాయంతో ఆరంభంలోనే దూరమయ్యాడు. 2023 వేలంలో పవన్‌ సెహ్రావత్‌ ఒక్కరికే రూ.2.605 కోట్లు వెచ్చించారు. జట్టు మొత్తానికి పరిమితి రూ.5 కోట్లే. కూతకు వెళ్లేది ఒక్కడే అయినా పట్టుకు ఏడుగురూ కావాలి.

ఒప్పందం ముగిసిన ఆటగాడు వేలానికి వస్తాడు. అతనికి పలికిన అత్యధిక ధరను చెల్లించి పాత జట్టు తిరిగి దక్కించుకోవచ్చు. ఇదే ‘ఫైనల్‌ బిడ్‌ మ్యాచ్‌’. 2024లో పవన్‌ను ఇలాగే రూ.1.725 కోట్లకు నిలుపుకొని టైటాన్స్‌ ఏడో స్థానం పొందింది.

2025లో పవన్‌ను వదులుకుని భరత్‌ హుడాను రూ.81 లక్షలకు, విజయ్‌ మాలిక్‌ను రూ.51.5 లక్షలకు తీసుకుంది. ఇద్దరి ధర కలిపినా పవన్‌ పాత ధరకన్నా తక్కువే. జట్టు రెండో క్వాలిఫయర్‌కు చేరి, పుణేరి పల్టన్‌ చేతిలో 45-50తో ఓడింది. టైటిల్‌ దక్కకున్నా, సొమ్మును పంచి వెచ్చిస్తేనే జట్టు నిలుస్తుందని తేలింది.